రాళ్లను ప్రేమించుట – టర్నర్ గీచిన టింటర్న్ మఠ చిత్రము: ఒక వేదాంత విమర్శ

ఈ వ్యాసమునకు కారణము ఒక వృద్ధురాలు అడిగిన ప్రశ్న. కొన్ని సంవత్సరముల క్రిందట పల్నాటి ప్రాంతములోని ఒక గ్రామ సంఘములో మేము సేవ చేయుచున్నప్పుడు, క్రొత్త దేవాలయపు ప్రతిష్ఠ వార్షికోత్సవ ఆదివారమున హగ్గయి మొదటి అధ్యాయముపై ప్రసంగించాము. దేవుని మందిరము పాడైయుండుట ఎట్లుండునో చూపవలెనని ప్రొజెక్టరు తెప్పించి గోడమీద ఒక చిత్రము వేయించాము. పైకప్పులేని ఒక పెద్ద ఆలయము, ఆకాశమునంటుచున్న కమానులు, వాటిమీదనుండి వ్రేలాడుచున్న పచ్చని తీగలు, వెనుక ఖాళీ కిటికీలోనుండి వచ్చు వెలుగు. చిత్రము చాలా బాగున్నదని యౌవనస్థులు మెచ్చుకొన్నారు. ఆరాధన ముగిసిన తరువాత ఆ వృద్ధురాలు కర్ర ఊతగా మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ గుడి ఎవరు పడగొట్టారండీ?" అని అడిగింది. "ఎవరూ పడగొట్టలేదమ్మా, చాలా పాతది, కాలమే పడగొట్టింది" అన్నాము. ఆమె కొంచెము సేపు ఆ గోడవైపే చూచి, "కాలం కప్పొక్కటే తీసుకుపోయి గోడలు ఉంచుద్దా అయ్యగారూ" అని వెళ్లిపోయింది.

మేము చెప్పినది అబద్ధమని తరువాత చదివి తెలుసుకొన్నాము. ఆ ఆలయమును కాలము పడగొట్టలేదు. మనుష్యులు పడగొట్టారు. ఏ తేదీన అది చేతులు మారినదో, ఏ చట్టము క్రింద మారినదో, కప్పుమీద ఉన్నది ఏమైపోయినదో అన్నియు వ్రాతలో ఉన్నవి. కావాలని అబద్ధమాడలేదు గదా అని మమ్మును మేము సమర్థించుకొనవచ్చును. అయితే ఆ మాట మా నోటికి అంత సులువుగా ఎందుకు వచ్చినదని ఆలోచించినప్పుడు, ఆ చిత్రమే మాకు ఆ జవాబు నేర్పినదని అర్థమైనది. కాబట్టి ఆ చిత్రమును మరల నిదానముగా చూడవలసియున్నది.

చిత్రకారుడు జోసెఫ్ మాలర్డ్ విలియం టర్నర్ (1775–1851). లండనులో కోవెంట్ గార్డెన్ ప్రాంతమున ఒక క్షురకుని ఇంట పుట్టి, 1789లో, పదునాలుగేండ్ల వయస్సున రాయల్ అకాడెమీ పాఠశాలలో చేరినవాడు. 1792లో వేల్స్ దేశపు దక్షిణ భాగమునకు పోయినప్పుడు, వై నది ఒడ్డున ఉన్న టింటర్న్ మఠమును మొదటిసారి చూచాడు. మరుసటి సంవత్సరము మరల వెళ్లాడు. అక్కడ పెన్సిలుతో గీసికొన్న బొమ్మల ఆధారముగా ఇంటివద్ద నీటిరంగులతో చిత్రములు చేశాడు. మేము చూపించినది వాటిలో 1794 నాటిది. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిది. ప్రస్తుతము అది లండనులోని టేట్ సంగ్రహాలయములో ఉన్నది. ఎత్తు సుమారు 36 సెంటీమీటర్లు, వెడల్పు 25. అనగా పుల్పిటుమీది పెద్ద బైబిలులో ఒక పుట కంటె కొంచెము పెద్దది, అంతే. అంత చిన్న కాగితమును ప్రొజెక్టరుతో గోడంత చేసి చూపించాము గనుక మొదటి తప్పు అక్కడే జరిగినది. మూలచిత్రమును మేము చూడలేదు, అచ్చుప్రతులను మాత్రమే చూచాము. కాబట్టి రంగుల విషయములో మా మాటను ఆ మేరకే తీసికొనవలెను.

చిత్రములో మనము నిలిచియున్న స్థలము గమనింపదగినది. టింటర్న్ ఆలయము సిలువ ఆకారములో కట్టబడినది. సిలువ నిలువుకొయ్య, అడ్డకొయ్య కలిసేచోట నిలువబెట్టి, తూర్పువైపు, అనగా బలిపీఠము ఉండిన వైపు మనలను చూడమంటున్నాడు. కాగితము నిలువుగా ఉన్నది; కన్ను కూడ క్రిందినుండి పైకే పోవును. దగ్గరి కమాను బహు ఎత్తు. దాని గుండా చూచితే అవతలి స్తంభములు, వాటికవతల తూర్పు గోడలోని మహా కిటికీ. ఆ కిటికీకి ఒకప్పుడు ఎనిమిది నిలువు అరలు ఉండెను. ఇప్పుడు గాజు లేదు, రాతి అల్లిక దాదాపు అంతయు రాలిపోయినది, నడిమి సన్నని స్తంభము మాత్రము నిలిచియున్నది. కమానుల నెత్తిన తీగలు, పొదలు జడలవలె వ్రేలాడుచున్నవి. రాయి రంగు ఒకచోట వెచ్చగాను మరియొకచోట చల్లగా నీలి ఛాయతోను ఉన్నది. మనుష్యులకంటె రాతికే ఇక్కడ ప్రాధాన్యము.

నీటిరంగుల పని తెలియనివారికి ఒక మాట. తైలవర్ణములలో వెలుగు కావలెనంటే తెల్లరంగు పూయుదురు. నీటిరంగులలో సాధారణముగా అట్లు కాదు. రంగు పలుచగా నీళ్లవలె ఉండును, కాగితపు తెలుపే దాని గుండా కనబడును. వెలుగు ఎక్కడ కావలెనో అక్కడ చేయి ఆపవలెను. అనగా చిత్రకారుడు వెలుగును పెట్టడు, దానిని మిగుల్చును. ఈ చిత్రములో ఆకాశము కనబడుచున్న చోట్లన్నియు అటువంటివే. బలిపీఠము ఉండవలసిన దిక్కున ఏమియు లేదు, వెలుగు తప్ప. ప్రసంగీకులకు ఇది ఎంత ఆకర్షణగా ఉండునో చెప్పనక్కరలేదు. మేమును ఆ ఆదివారము ఆ వెలుగును గురించి పది నిమిషములు మాటలాడాము. కప్పు పోయినా వెలుగు వచ్చినదని అన్నాము.

ఇప్పుడు కప్పు సంగతి చూతము. టింటర్న్ మఠమును 1131లో చెప్‌స్టో ప్రభువైన వాల్టర్ డి క్లేర్ స్థాపించాడు. అందులోని సన్యాసులు సిస్టెర్సియన్ సంఘమువారు. ఆ సంఘము వేల్స్‌లో కట్టుకొన్న మొదటి మఠమిదే. మొదటి ఆలయము చిన్నది. చిత్రములో కనబడు పెద్ద ఆలయము 1269లో మొదలై 1301లో ప్రతిష్ఠింపబడినది. నార్ఫోక్ ప్రభువు రోజర్ బైగాడ్ దానికి గొప్ప పోషకుడు. అప్పటినుండి 1536 సెప్టెంబరు 3వ తేదీ వరకు అక్కడ ఆరాధన జరిగినది. ఆ దినమున మఠాధిపతి రిచర్డ్ వైచ్ మఠమును ఎనిమిదవ హెన్రీ రాజు మనుష్యులకు అప్పగించాడు. స్థలము వూస్టర్ ప్రభువైన హెన్రీ సోమర్‌సెట్‌కు దక్కినది. కప్పుమీద పరచిన సీసపు రేకులను ఊడదీసి అమ్ముకొన్నారు. ఆ కాలమున సీసము విలువైన సరకు. సీసము పోయిన తరువాత కొయ్య తడిసినది, కొయ్య పోయిన తరువాత వాన లోపల కురిసినది. మిగిలిన పని కాలము చేసిన మాట నిజమే. అయితే ఆ వృద్ధురాలు అడిగినది మొదటి దెబ్బను గురించి.

కాబట్టి టర్నర్ కాగితముమీద మిగిల్చిన ఆ తెల్లని ఆకాశమునకు ఒక వెల ఉన్నది. సీసము అమ్మకపోతే ఆ వెలుగు అక్కడ పడదు. ఇది చిత్రకారునిమీద నేరము మోపుట కాదు. ఆయన పుట్టుటకు రెండు వందల సంవత్సరములకు ముందే జరిగిన పని అది. కాని ఆ వెలుగును చూపి "దేవుడు కప్పు తీసివేసి తన ఆకాశమును ఇచ్చాడు" అని మేము చెప్పినప్పుడు, అమ్మినవాని చేతిని దేవుని చేయి అన్నాము. అది చిన్న పొరపాటు కాదు.

మనము ప్రొటెస్టంటులము గదా, ఒక రోమను మఠము కూలిపోయినందుకు ఇంత దుఃఖమెందుకని కొందరు పాఠకులు అడుగవచ్చును. సంస్కరణ చరిత్రను పాఠ్యాంశముగా చదివిన విద్యార్థులకు ఈ సందేహము సహజము. మఠములలో అవినీతి ఉండెను, సంస్కర్తలు దానిని ఖండించారు, దేవుడు తీర్పు తీర్చాడు అని మేమును పరీక్షలలో వ్రాసినవారమే. అయితే 1536 చట్టము పాపమును దేనితో కొలిచినదో చూడండి. చిన్న మఠములు దుర్నడతతో నిండియున్నవనియు, పెద్ద మఠములలో భక్తి చక్కగా నిలిచియున్నదనియు ఆ చట్టపు పీఠిక చెప్పుచున్నది. చిన్న పెద్ద తేడా ఎక్కడ? సంవత్సరాదాయము 200 పౌండ్ల దగ్గర. 1535లో రాజు చేయించిన లెక్కలో టింటర్న్ ఆదాయము 192 పౌండ్లు. వేల్స్‌లోని మఠములన్నిటిలో అది ధనికమైనదే. అయినను గీతకు ఎనిమిది పౌండ్లు తక్కువైనది. ఇంకొక ఎనిమిది పౌండ్ల విలువైన గొర్రెల ఉన్నియో పొలమో ఉండియుంటే, చట్టము లెక్క ప్రకారము ఆ సన్యాసులు భక్తిపరులే! భక్తిగల పెద్ద మఠములను కూడ 1540 నాటికి ఒక్కటి మిగులకుండ మూసివేశారు. ఇందులో లూథరు సిద్ధాంతము ఎక్కడున్నది? విశ్వాసము వలన నీతిమంతులగుట అను సత్యమునకును సీసపు రేకులకును సంబంధమేమి?

సన్యాసులు నిర్దోషులని మేము చెప్పుటలేదు. సిస్టెర్సియన్ సంఘము బీదరికమును, సాదాతనమును కోరి పుట్టినది. క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు ఆలయములలోని ఆడంబరమును ఎంత తీవ్రముగా ఖండించాడో సంఘ చరిత్ర చదివినవారికి తెలియును. గోడలకు అలంకారము, ఆకలిగొన్నవానికి లేమి అనుట ఆయన వాదనలోని సారము. అటువంటి సంఘము నూట ముప్పదియెనిమిది ఏండ్లు గడవకముందే పాత ఆలయము చాలదని, తూర్పు గోడను దాదాపు అంతయు కిటికీగా చేసి, సుమారు 70 మీటర్ల పొడవైన ఆలయమును ప్రభువుల ధనముతో కట్టుకొన్నది. ఈ చిత్రములో మనము మెచ్చుకొను ఎత్తు బెర్నార్డు మెచ్చుకొనే ఎత్తు కాదు. టింటర్న్ రెండుసార్లు పాడైనదనవచ్చును: కట్టినప్పుడు కొంత, విప్పినప్పుడు కొంత. ఇదంతయు టర్నర్ చిత్రములో వెదకితే దొరకదు. చిత్రము చరిత్ర పుస్తకము కాదు, నిజమే. కాని చరిత్ర లేదన్నట్లు కనబడునట్లు చేయుట చిత్రము చేసిన పనియే.

ఎట్లు చేసినది? తీగల వలన. ఇక్కడ పరిశుద్ధ గ్రంథమును ప్రక్కన పెట్టుకొని చూచితే భేదము స్పష్టముగా తెలియును. పాడైన కట్టడములమీద మొక్కలు మొలచుట ప్రవక్తలకు చాలా ఇష్టమైన దృశ్యము, అయితే భయంకరమైన అర్థములో. యెషయా 34వ అధ్యాయములో ఎదోము నగరులలో ముండ్లును, కోటలలో దురదగొండ్లును పెరుగుట తీర్పుకు గురుతు. హోషేయ 10:8లో ఆవెను ఉన్నత స్థలములు లయమై, బలిపీఠములమీద ముండ్లు మొలచుచున్నవి. విలాపవాక్యములు 5:18లో సీయోను పర్వతము పాడైనందుకు గురుతు అక్కడ తిరుగుచున్న నక్కలు. వీటిలో ఏ ఒక్కచోటను మొక్కగాని జంతువుగాని కంటికి ఇంపుగా లేదు. అది మనుష్యులు లేకుండ పోయిన చోటు అని చెప్పుటకే అక్కడ ఉన్నది. టర్నర్ కాలమునాటికి అదే దృశ్యము అందముగా మారినది. బలిపీఠముమీద మొలచిన ముల్లు అలంకారమైనది.

ఈ మార్పులో మనవంటి ఒక పాదిరికి గొప్ప పాత్ర ఉన్నది. విలియం గిల్పిన్ ఆంగ్లికన్ సంఘపు పాదిరి. 1770లో వై నదిమీద పడవలో ప్రయాణము చేసి, 1782లో దానిని గురించి పుస్తకము ప్రచురించాడు. ప్రకృతిని బొమ్మవలె చూడుట ఎట్లో నేర్పిన పుస్తకమది. ఫ్రాన్సుతో 1793లో యుద్ధము మొదలైన తరువాత విదేశయాత్రలు ఆగిపోగా, ఆంగ్లేయులు స్వదేశములోనే వై నదీయాత్ర చేయుట మరింత వాడుకైనది. టింటర్న్ మఠము గిల్పిన్‌కు నచ్చినది గాని పూర్తిగా నచ్చలేదు. గోడల త్రికోణపు కొనలు మరీ క్రమముగా ఉన్నవట. ఎవరైనా సుత్తి తీసికొని తెలివిగా కొంచెము విరుగగొట్టితే బాగుండునని వ్రాశాడు. ఒక పాదిరి పాడైన ఆలయమును చూచి, ఇంకను చాలినంత పాడు కాలేదు అన్నాడు! మేము ఈ సంగతి మొదట చదివినప్పుడు నవ్వుకొన్నాము. ప్రొజెక్టరు సంగతి జ్ఞాపకము వచ్చి తరువాత నవ్వలేదు.

అయితే గిల్పిన్‌కు న్యాయము చేయవలెనంటే ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. మఠపు శిథిలములలో గుడిసెలు వేసికొని బ్రదుకుచున్న బీదలను ఆయన చూచాడు, వ్రాశాడు. భిక్షమెత్తుట తప్ప వారికి పని కనబడలేదట. సన్యాసుల గ్రంథాలయము చూపుదునని ఒక స్త్రీ వారిని తీసికొనిపోయినది. ఆమెకు నడచుటకే శక్తి లేదు. చివరకు ఆమె చూపినది గ్రంథాలయము కాదు, తడిసిన గోడల మధ్య తాను పండుకొను గుంటవంటి చోటు. సమీపముననే ఇనుము కరిగించు కొలుములు ఉండెను, వాటి సందడిని కూడ ఆయన పేర్కొన్నాడు. అనగా టింటర్న్‌లో అప్పటికి నిశ్శబ్దము లేదు, ఏకాంతము లేదు. 1536లో మఠము మూసినప్పుడు దాని తలుపువద్ద బీదలకు పెట్టు భోజనము కూడ మూతపడినది. రెండు వందల ఏండ్ల తరువాత బీదలు ఆ గోడల నీడలోనే ఉన్నారు.

టర్నర్ చిత్రములో గుడిసెలు లేవు, కొలిమి పొగ లేదు. ఆయన గీచినది ఆలయము లోపలి భాగము. గుడిసెలు ఉన్నది ఆవరణములో. కాబట్టి దాచిపెట్టాడని ఆయనమీద నింద వేయుట సరికాదు. ఎక్కడ నిలిచి చూడవలెనో ఎంచుకొన్నాడు, అంతే. కవి వర్డ్స్‌వర్త్ 1798లో వ్రాసిన ప్రసిద్ధ కవిత పేరులో టింటర్న్ మఠము ఉన్నది గాని కవితలో మఠము కనబడదు. అక్కడనైతే మఠమే లేదు. ఇక్కడ మఠము ఉండి, దాని చుట్టునున్నవారు లేరు. ఇదే సంవత్సరములలో సముద్రమునకు అవతల ఫ్రాన్సులో 1790 శాసనముతో మఠములన్నియు మూతపడి, ఆస్తులు అమ్మకమునకు పోవుచుండెను. అక్కడి వార్తలు చదివి భయపడిన ఆంగ్లేయులే, తమ దేశములో అదే పనికి గురియైన గోడలను చూచుటకు పడవలలో పోయి సంతోషించారు. పాత గాయముమీద పచ్చని తీగ పెరిగితే అది గాయమని గుర్తుండదు.

ఇంతవరకు చిత్రమునకు వ్యతిరేకముగానే మాటలాడాము. దాని పక్షమున చెప్పవలసినది కూడ ఉన్నది, అది తక్కువేమి కాదు. టర్నర్ బాల్యములో థామస్ మాల్టన్ అను కట్టడముల చిత్రకారునివద్ద పని నేర్చుకొన్నాడు. దగ్గరవి, దూరమువి ఎంతెంత కొలతలో గీయవలెనో, కమాను వంపు ఎక్కడ మొదలగునో, స్తంభములో సన్నని కాడలు ఎన్ని కట్టగా ఉండునో ఆయనకు మేస్త్రీకి తెలిసినంత బాగుగా తెలియును. తరువాత 1807లో రాయల్ అకాడెమీలో ఈ విద్యకే ఆచార్యుడైనాడు. రంగుల క్రింద ఆ పెన్సిలు గీత ఉన్నది. దానిని అనుసరించి చూచితే ఇది కొండ కాదు, అడవి కాదు, ఒక్కొక్క రాయిని చెక్కి ఎవరో పేర్చిన పని అని తెలియును. గోతిక్ కమానులు చెట్ల కొమ్మలను చూచి నేర్చుకొన్నవని వార్‌బర్టన్ అను బిషప్పు ఆ శతాబ్దములోనే చెప్పియుండెను. టర్నర్ కుంచె ఆ మాటను నమ్మినట్లున్నది, ఆకు ఎక్కడ ఆగునో రాయి ఎక్కడ మొదలగునో తెలియనివ్వదు. టర్నర్ పెన్సిలు మాత్రము నమ్మలేదు. ఈ చిన్న కాగితముమీద రెండు చేతులు పనిచేసినట్లున్నవి. ఒకటి నష్టమును లెక్కపెట్టుచున్నది, రెండవది దానిమీద ముసుగు వేయుచున్నది.

లెక్కపెట్టు చేయి మనకు నెహెమ్యాను జ్ఞాపకము చేయును. నెహెమ్యా 2వ అధ్యాయములో ఆయన రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, ఏ గుమ్మము కాలిపోయినదో, ఏ ప్రాకారము పడిపోయినదో, తన పశువు నడుచుటకు ఎక్కడ దారి లేదో ఒక్కొక్కటిగా పరీక్షించాడు. పరిశుద్ధ గ్రంథములో పాడైన స్థలమును అంత శ్రద్ధగా చూచినవాడు మరియొకడు లేడేమో. అంతకుముందు మొదటి అధ్యాయములో, ఆ వార్త విని కూర్చుండి ఏడ్చినవాడు ఆయనే. పాపమును ఒప్పుకొన్నప్పుడు తన్నును తన పితరుల యింటివారిని అందులో చేర్చుకొన్నవాడును ఆయనే. ఏడ్పు, ఒప్పుకోలు, లెక్క, తరువాత కట్టడము. టర్నర్ వద్ద లెక్క మాత్రము ఉన్నది. ఇరువది ఏండ్లు నిండని కుర్రవానినుండి అంతకంటె ఎక్కువ అడుగుట న్యాయము కాదు. ఆయన ప్రవక్త కాదు, బొమ్మలు అమ్ముకొని బ్రదుకవలసినవాడు.

ఇక్కడ 102వ కీర్తన 14వ వచనమును ధ్యానింపవలెనని మనవి. సీయోను రాళ్లు దేవుని సేవకులకు ప్రియములని, దాని మంటిని చూచి వారు కనికరపడుదురని భక్తుడు చెప్పుచున్నాడు. పైకి చూచితే వై నదీయాత్రికులు చేసినదియు అదే: పాడైన రాళ్లను ప్రేమించుట. కాని ఆ వచనమునకు ముందును వెనుకను చదివితే భేదము తెలియును. 13వ వచనములో దేవుడు లేచి సీయోనును కరుణించు కాలము వచ్చినదని, 16వ వచనములో యెహోవా సీయోనును కట్టునని ఉన్నది. ఆ సేవకులు రాళ్లను ప్రేమించినది అవి మరల గోడలో చేరునని. యాత్రికులు ప్రేమించినది అవి ఇక ఎన్నటికిని గోడలో చేరవని. అందుకే వారికి తీగ కావలసివచ్చినది, గిల్పిన్‌కు సుత్తి కావలసివచ్చినది. మరల కట్టబడునను నిరీక్షణ ఉన్నవాడు తీగను చూచి సంతోషింపడు.

దీనికి సాక్ష్యము టింటర్న్‌లోనే ఉన్నది. 1901లో ఆ మఠమును ప్రభుత్వము పక్షమున కొనివేశారు. తరువాత మరమ్మతులు చేయించినవారు, యాత్రికులకు ప్రీతిపాత్రమైన ఐవీ తీగను గోడలనుండి తొలగించారు. దాని వేళ్లు రాళ్ల సందులలో దూరి సున్నమును పిండిచేసి గోడలను విప్పుచుండెను. కొందరు అందము పోయినదని బాధపడియుందురు. కాని టర్నర్ కాగితముమీద మెత్తగా వ్రేలాడుచున్న ఆ పచ్చదనము నిజమునకు ఆ గోడను తినుచున్నది. గోడను నిలుపవలెనని వచ్చినవారికి అది కనబడినది, బొమ్మ గీయవచ్చినవారికి కనబడలేదు. పాడును కడిగివేసి చూచుట కంటె పెద్ద ప్రేమ ఇంకేమి కావలెను? అక్కడ మరల ఆరాధన మొదలుకాలేదు, నిజమే. అయినను ఆ రాళ్ల మంటిని చూచి కనికరపడినవారు చిత్రకారులు కాదు, మేస్త్రీలు.

కాబట్టి ఈ చిత్రమును సంఘములో చూపవచ్చునా? చూపవచ్చునని మా అభిప్రాయము, కాని హగ్గయికి కాదు. హగ్గయి కాలపు ప్రజలు మందిరము పాడైయుండగా తమ ఇండ్లకు సరంబీ వేసికొనిరని ప్రవక్త గద్దించాడు. అక్కడ పాడు అనుట సిగ్గు. ఈ చిత్రములో సిగ్గు లేదు. విలాపవాక్యములు చదువు ఆదివారమున దీనిని చూపి, దీనిలో ఏమి లేదో సంఘమును అడుగవచ్చును. పెద్దలు చెప్పలేకపోయినను కొందరు తప్పక చెప్పుదురు. మమ్మును అడిగిన ఆ వృద్ధురాలు చెప్పగలిగినది గదా.

ఆమె ఎందుకు అడిగినదో కూడ వ్రాయవలసియున్నది. ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆమె కూర్చుండి లేచిన క్రొత్త దేవాలయము, పాత రాతి దేవాలయమును తీసివేసిన స్థలములో కట్టబడినది. పాతది మిషనరీల కాలపుది, పైన బెంగుళూరు పెంకులు, లోపల టేకు దూలములు. వాన కురియుచున్నదని, స్థలము చాలుటలేదని, స్లాబు వేసికొందమని సంఘము తీర్మానించినది. ఆ తీర్మానము చేసిన సభకు అధ్యక్షత వహించినది మేమే. కారణములు అబద్ధము కావు. వాన నిజముగా కురిసినది, స్థలము నిజముగా చాలలేదు. పడగొట్టిన దినమున ఆమె ఆవరణములో వేపచెట్టు క్రింద కూర్చుండి సాయంత్రము వరకు చూచినదని తరువాత విన్నాము. ఆ రాళ్లు బండిమీద తోలినది ఆమె తండ్రి.

చిత్రమును గురించి చదివిన తరువాత మేము ఆమె ఇంటికి వెళ్లి, "అమ్మా, ఆ రోజు మేము తప్పు చెప్పాము. ఆ గుడిని రాజు పడగొట్టించాడు, కప్పు అమ్ముకొన్నారు" అని చెప్పాము. ఆమె ఆశ్చర్యపడలేదు. "మనం మాత్రం అమ్ముకోలేదా అయ్యగారూ" అన్నది, కోపము లేకుండా. మేము తిరిగి వచ్చి కట్టడపు కమిటీ లెక్కల పుస్తకము తెరచి చూచాము. టేకు దూలములు ఇన్ని, వేలములో ఇంత. పెంకులు ఇన్ని వేలు, ఇంత. రాయి ఇన్ని ట్రాక్టర్లు, ఇంత. అంతయు మా సంతకముతోనే ఉన్నది, ఒక్క రూపాయి తేడా లేదు. బాప్తిస్మమిచ్చు రాతి తొట్టిని గురించి మాత్రము ఏమియు వ్రాయబడలేదు. అది ఎక్కడున్నదో ఆమెకు తెలియును. ఆమె మనుమని వెంటబెట్టుకొని వెళ్లి చూచాము. ఊరి చివర ఒక దొడ్డిలో గేదెలకు కుడితి పోయుచున్నారు. అంచున చెక్కిన సంవత్సరమును, దాని ప్రక్కనున్న సిలువను ఇంకను చేతితో తడిమి చదువవచ్చును.